మేస్త్రి కట్టిన ఇల్లు, నర్సమ్మ ఉండే ఇల్లు

మేస్త్రి ఊళ్ళో చాలా ఇళ్ళు కట్టాడు గానీ తన కోసం కట్టుకున్నది ఒక్కటే. దాన్ని చంటిపిల్లలా చూసుకుంటాడు. కింద వాటాలో తనూ భార్యా, పై వాటాలో అద్దెకు ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ. పైన గోడకు మేకు కొడితే కింద ఆయన గుండె కలుక్కుమంటుంది. ఆ మేకు ఏ ఇటుకలో దిగిందో కూడా చెప్పేస్తాడు. చెప్పమని ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

అద్దెకివ్వడమంటే ఆయన లెక్కలో ఇల్లు తన దగ్గరే ఉంచుకుని మనుషుల్ని మాత్రం లోపల పెట్టడం. అందుకే రెండో తాళంచెవి ఎప్పుడూ చొక్కా జేబులోనే. నర్సమ్మ డ్యూటీకి వెళ్ళగానే పైకి పోయి కుళాయిలు బిగించి, కిటికీలు తెరిచి, గోడలు తడిమి చూసి వచ్చేవాడు. ఒకసారి ఆవిడ ఆరేసుకున్న బట్టల్ని జరిపి మరీ గోడకు గాలి తగలనిచ్చాడు. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోయేసరికి మెచ్చుకుందనుకున్నాడు.

నిజానికి అలాంటి మనిషి దొరకడం ఆ ముసలివాళ్ళ అదృష్టం. మేస్త్రి భార్యకు బీపీ చూసేది, మాత్రలు మానేస్తే కోప్పడేది. సాయంత్రం మెట్ల మీద ఇద్దరూ కబుర్లలో పడితే మేస్త్రికి టీకి కూడా గతి ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం కింద వంటగది కప్పు మీద తడి మరక కనిపించింది. మేస్త్రి ఆగలేదు. సుత్తి పట్టుకుని పైకెళ్ళి, తన తాళంచెవితో తలుపు తీసి, బాత్రూం పలకల మీద టకటకా కొట్టడం మొదలెట్టాడు. ఆ వారం నర్సమ్మకు రాత్రి డ్యూటీ అని, పగలు పడుకుంటుందని ఆయనకు గుర్తే లేదు. ఉలిక్కిపడి లేచిన మనిషికి ఎదురుగా సుత్తితో మగాడు. ఆవిడ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

సాయంత్రం కిందికి వచ్చి, "నెలాఖరుకి ఖాళీ చేస్తానండీ" అంది.

మేస్త్రి కూతురికి ఫోన్ చేశాడు. ఆమె ఒక లాయరు దగ్గర గుమాస్తా. తన వైపే మాట్లాడుతుందని ఆయన ఆశ.

"నాన్నా, అద్దెకిచ్చాక అది ఆవిడ ఇల్లు. ముందుగా చెప్పాలి, సరేనంటేనే వెళ్ళాలి. నువ్వు సంతకం పెట్టిన ఒప్పందంలోనే ఉంది."

"కట్టింది నేనే కదే."

"కట్టినందుకేగా అద్దె తీసుకుంటున్నావు."

ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "చూశావా, నా ఇంట్లోకి నేను పోవడానికి పర్మిషన్ కావాలట."

ఆవిడ కూరగాయలు తరగడం ఆపింది. "పెళ్ళైన కొత్తలో మనం అద్దెకున్న ఇల్లు గుర్తుందా? నువ్వు పనికి పోగానే ఇంటాయన వచ్చేవాడు. కిటికీ చూడాలనో, దూలం చూడాలనో. మంచివాడే, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ అక్కడున్నన్నాళ్ళూ తలుపుకి స్టూలు అడ్డం పెట్టకుండా నేను స్నానం చెయ్యలేదు. నీకు చెబితే గొడవవుతుందని, ఇల్లు పోతుందని నోరు మూసుకున్నా."

ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి అంత భయాన్ని ఒక్కతే మోసింది. ఇప్పుడు పై వాటాలో ఆ భయం పెట్టింది తనేనని తెలిసి మేస్త్రి తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు మెట్లెక్కి, ఆ తలుపును మొదటిసారి తట్టాడు. నర్సమ్మ ఓరగా తీసింది. ఆయన గడప ఇవతలే నిలబడి తాళంచెవి అందించాడు.

"తప్పయిపోయిందమ్మా. ఇది నీ దగ్గరుంచుకో. కప్పు కారుతోంది, నువ్వు రమ్మన్నప్పుడే వస్తా. నన్ను రావద్దంటే ప్లంబర్ని పంపిస్తా. ఖాళీ చేస్తానంటే ఆపను గానీ, నువ్వు పోతే మా ఇద్దరికీ ఇల్లు బోసిపోతుంది."

నర్సమ్మ తాళంచెవి తీసుకుంది.

"ఆదివారం రండి, నాకు సెలవు" అంది. "ఒక్కదాన్నే ఉంటాను కదా, జ్వరమొచ్చి పడిపోతే తలుపు తీసేవాళ్ళుండాలి. ఈ తాళంచెవి కింద ఉండటమే మంచిది."

మేస్త్రి చెయ్యి చాపాడు.

"మీకు కాదు బాబాయ్‌గారూ. పిన్నిగారిని పంపండి."