అవ్వ కీర్తనలున్న ప్లేయర్

గొంతు ఆపరేషన్ తర్వాత అవ్వకు, అంటే మా అమ్మకు, మాట పోయింది. అంతకుముందు బోధన్‌లోని మా క్రైస్తవ సంఘంలో ఆమె పాడిన కీర్తనలను అన్న చిన్న ఎంపీత్రీ ప్లేయర్‌లో రికార్డు చేసి ఉంచాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

పాటలు మధ్యలో ఆగుతున్నాయని అన్న ఒక సాయంత్రం దాన్ని కంప్యూటర్‌కు తగిలించి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టి బయటికి వెళ్లాడు. ఇంతలో ప్రార్థన వేళయింది. దేవుని సన్నిధిలో ఏ యంత్రమూ నడవకూడదని, సంఘపెద్ద అయిన మా నాన్న, బాపు, రోజూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి కొవ్వొత్తి వెలిగించేవాడు. ఆ రోజూ అట్లాగే ఆపాడు.

కంప్యూటర్ ఆరిపోయి సాఫ్ట్‌వేర్ సగంలోనే ఆగింది. ఆ తర్వాత ప్లేయర్ తెర తెల్లగా వెలిగి అక్కడే నిలిచిపోయింది. బటన్లు నొక్కిపట్టాం. చార్జింగ్ పూర్తిగా దిగనిచ్చి మళ్లీ పెట్టాం. వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చాం. లాభం లేకపోయింది.

నిజామాబాద్‌లో రిపేరు చేసేవాడు చూసి, "ఫార్మాట్ కొడితె నడుస్తది పెద్దాయనా. లోపలున్నయన్ని పోతయి. పాటలే గద, మళ్ల ఎక్కించుకోరాదు?" అన్నాడు.

"గా గొంతు యాడికెల్లి తెచ్చి ఎక్కియ్యాలె బిడ్డా?" అన్నాడు బాపు.

ఎన్నో ఇళ్లలో ఓదార్పు వాక్యం చదివిన బాపు, ప్లేయర్‌ను అట్లాగే తీసుకొని తిరిగొస్తూ బస్సులో ఒక్క వచనమూ ఎత్తలేదు.

ఆదివారం సంఘమంతా అవ్వ కీర్తనను ఆమె పాడినట్టే పాడబోయింది. రెండో చరణం దగ్గర అవ్వ చెయ్యెత్తి ఆపి, అట్లా కాదన్నట్టు తల ఊపింది. మళ్లీ పాడారు. మళ్లీ ఆపింది. ఎట్లా పాడాలో చూపించబోయి నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది.

ప్రభువు ఆ గాలిని కూడా స్తుతిగా అందుకుంటాడని నేను నమ్ముతాను. ఆ రోజు మాత్రం మాలో ఎవరికీ ఆమేన్ అనడానికి నోరు రాలేదు.