డ్రమ్ము ఎత్తరు, దొర్లిస్తరు

పోయిన ఆదివారం క్లాసులో ఒక అమ్మాయి ముసలమ్మ వేషం అభ్యాసం చేస్తోంది. నడుం సగానికి వంచి, ఒక చెయ్యి వెనక పెట్టి, రెండో చేత్తో లేని కర్రను వణికిస్తూ గదంతా తిరిగింది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తాళం ఆపి, "ఆ నడుము ఎవరిదమ్మా?" అని అడిగాను. "ముసలోళ్లు అందరు గట్లనే ఉంటరు కద మేడం," అంది. మీ నానమ్మ అలాగే నడుస్తుందా అంటే కాసేపు ఆలోచించి, లేదు, మా నానమ్మ నాకంటే జల్దీ నడుస్తది అని ఒప్పుకుంది. అయితే వచ్చే ఆదివారం ఆమె నడక చూసి రమ్మని పంపాను. పిల్ల చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం లోపల నవ్వొచ్చింది. సరిగ్గా ఆ తప్పే నేను నలభై దాటాక, ఆ పిల్లకంటే ధీమాగా చేశాను. అప్పుడు నన్ను ఆపింది ఏ గురువూ కాదు, మా వదినె.

వదినె అంటే మా ఆయనకు అక్క. కొండాపూర్ వైపు పల్లెలో పుట్టి, పొలం పనుల్లో పెరిగి, పెళ్లయ్యాక కాజీపల్లిలో కంపెనీల వెనక వరస గదుల్లో కాపురం పెట్టింది. ఆమె భర్త, నాకు వరసకు అన్నయ్య, షేర్ ఆటో నడిపేవాడు. ఆమె బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. పొడి మందును సంచుల్లోకి తోడి, తూకం వేసి, డ్రమ్ముల్లో పెట్టి, మూత బిగించి పక్కకు చేర్చడం. నేను చెబుతున్న నాటికే పదిహేడేళ్లుగా అదే పని. నా సంగతి వేరు. సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం ఇంటి పిల్లను. మా నాన్నకు నాట్యం గురించి ఏమీ తెలియదు. పక్క దుకాణం వాళ్ల అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోందని నన్నూ పంపాడు. ఆ అమ్మాయి ఆరు నెలల్లో మానేసింది, నేను మానలేదు. పొడుగ్గా, పెద్ద కళ్లతో ఉన్నందుకు నాకు ఎప్పుడూ రాణి వేషాలే ఇచ్చేవారు. అలిగిన రాణి, అలక తీరిన రాణి, విరహంలో వేగిపోయే రాణి. పళ్లెం మోసే దాసి వేషం ఒక్కసారీ రాలేదు. పెళ్లయ్యి పటాన్‌చెరు వచ్చి, బడిలో డాన్సు టీచరుగా చేరి, సాయంత్రాలు ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన హాలు కిరాయికి తీసుకుని క్లాసు మొదలుపెట్టాక కూడా నా ఒంట్లో రాణి తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు.

ఆ ఏడు కాలనీ మహిళలు ఒక సభ పెట్టుకుంటూ, గంటసేపు ఏదైనా ఆడించమన్నారు. వచ్చేవాళ్లలో సగంమంది కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లే. వాళ్ల ముందు రాణి అలకలేమిటని, వాళ్ల జీవితమే నృత్యనాటకంగా చేద్దామనుకున్నాను. ఆరుగురు పిల్లల్ని తీసుకుని, నీలం రంగు ఖాళీ డ్రమ్ములు తెప్పించి, రెండు వారాల్లో అల్లేశాను. ప్రధాన పాత్ర నాదే. డ్రమ్మును రెండు చేతులా పైకెత్తి, మునివేళ్ల మీద లేచి, ఆకాశంలోకి చూసి నిట్టూర్చి, మణికట్టుతో నుదుటి చెమట తుడుచుకునేదాన్ని. అలా చేస్తుంటే నాకే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. బాగా వస్తోందనడానికి అదే గుర్తనుకున్నాను.

ఒక ఆదివారం వదినె కూరగాయల సంచితో హాలుకు వచ్చింది. గోడకానుకుని కూర్చుని చూసింది. నేను నుదురు తుడుచుకునేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఏందే పిల్లా, గది డ్రమ్మా, పూలకుండా?"

"ఎందుకట్ల అంటున్నవ్ వదినె?"

"పాతిక కిలోలుంటది. గట్ల ఎవలన్న ఎత్తుతరా? డ్రమ్ము ఎత్తరు, దొర్లిస్తరు. ఇగ ఆ ఏడుపేంది? డ్యూటీల ఎవలు ఏడుస్తరే? మాస్కుల ముక్కు కారితే తుడ్సుకునేటందుకు గూడ వీలుండది."

పిల్లల ముందు నా ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. జెర చూపియ్యమన్నాను. కొంగు నడుంలో దోపి లేచి, డ్రమ్మును ఒక పక్కకు వంచి, అడుగు అంచు మీద నిలబెట్టి, మడమ నేలకు తన్నిపెట్టి తిప్పుకుంటూ హాలు ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. ఒక్క కదలిక ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నేను ఇన్నేళ్లుగా పిల్లలకు నేర్పాలని చూస్తున్నది అదే. ఇంకోసారి చెయ్యమంటే, "ఉత్త డ్రమ్ముతోని రాదే. నింపుకో," అని సంచి తీసుకుని వెళ్లిపోయింది.

నింపుకోమన్న మాటను నేను అంతగా పట్టించుకోలేదు. బరువులు మోయడం ఎందుకు, కళ్లున్నాయి కదా, చూసి పట్టేస్తాననుకున్నాను. పొద్దున ఆరు కాకముందే బొల్లారం రోడ్డు మీద కంపెనీ బస్సులు ఆగే చోట నిలబడేదాన్ని. అక్కడ ఆడవాళ్లు నిలబడే తీరు, టిఫిన్ సంచిని నడుం మీదికి ఎక్కించుకునే తీరు, బస్సు దూరంగా కనబడగానే మాట ఆపకుండానే ఒక అడుగు ముందుకు వేసే తీరు, అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. నేను ఏదో సర్వే చేస్తున్నాననుకుని ఒకామె తన రేషన్ కార్డు సంగతి కూడా చెప్పుకుంది. ఒకరోజు వదినె ఇంటికి వెళ్లినప్పుడు, గోడకున్న చిన్న అద్దం ముందు ఆమె తల దువ్వుకుంటోంది. దువ్వెన పట్టుకున్న కుడిచెయ్యి రొమ్ము దాటి పైకి లేవడం లేదు. చెయ్యి తల దగ్గరికి పోవడం లేదు; తలే వంగి, పక్కకు ఒరిగి చేతి దగ్గరికి వస్తోంది. నేను గుమ్మంలోనే ఆగి చూశాను. బాధ పడ్డానని రాయాలని ఉంది. కానీ నిజం చెబితే, నాకు కావలసింది దొరికిందని సంతోషించాను.

పది రోజుల తర్వాత వదినె మళ్లీ అభ్యాసానికి వచ్చింది. కంపెనీ పని ఘట్టం అయ్యాక నేను నేల మీద కూర్చుని, లేవని చేత్తో దువ్వెన పట్టుకుని తల వంచాను. పిల్లలు కదలకుండా చూస్తున్నారు. నేను తలెత్తేసరికి వదినె లేదు. ఆమె కోసం తెప్పించిన చాయ్ గ్లాసు కిటికీలో అలాగే ఉంది.

మర్నాడు కాజీపల్లి వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతోంది. చాయ్ తాగకుండా వచ్చేశావేమంటే, చేట దించకుండానే మాట్లాడింది.

"నా చెయ్యి ఎత్తుకపోయినవ్ పిల్లా. నా ఇంట్ల, నా అద్దం ముందట సూసి, పదిమందిల పెట్టినవ్."

నీ పేరు ఎక్కడా చెప్పను కదా వదినె అన్నాను.

"పేరెందుకు? పక్కపక్కన నిలవడి పని చేసెటోళ్లు పోల్చుకోరా? రెండేండ్ల సంది ఈ భుజం సంగతి మా సూపర్‌వైజర్‌కు తెల్వకుంట దాసిన. మీ అన్నకు గూడ సగమే తెల్సు. చెయ్యి లేవనిదానికి ప్యాకింగ్‌ల ఏం పనంటరు. నా బిడ్డ నర్సింగ్ ఇంక రెండేండ్లుంది."

"తీసేస్త వదినె."

"తీసెయ్యి," అంది. అంతే. భోజనం పెట్టింది, కానీ పక్కన కూర్చోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కూర్చుని, నాటకమంతా మానేసి మళ్లీ రాణినే ఆడించుకుందామా అనిపించింది. పటాన్‌చెరు వచ్చేలోపు ఆ ఆలోచన పోయింది. ఆమె దగ్గర అడగకుండా తీసుకున్నది ఆమెకే వదిలెయ్యాలి, సరే. కానీ నా ఒళ్లు వంచి నేను సంపాదించుకునేదాన్ని ఎవరు కాదంటారు? ఆ వారమే ఒక డ్రమ్ములో పాతిక కిలోల ఇసుక పోయించి మేడ మీద పెట్టించాను. రోజూ పొద్దున గంటసేపు, నీళ్ల ట్యాంకు నుంచి పిట్టగోడ దాకా, పిట్టగోడ నుంచి ట్యాంకు దాకా. మొదటిరోజు డ్రమ్ము నా పాదం మీద పడింది. మా ఆయన మెట్ల దగ్గర నిలబడి, "ఇది నాట్యమా, సెంట్రింగు పనా?" అన్నాడు. నేను డ్రమ్ము తిప్పుకుని మళ్లీ ట్యాంకు వైపు నడిచాను. వారానికి అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో వారానికి నడుం పట్టేసింది. మూడో వారంలో ఒకరోజు హఠాత్తుగా గమనించాను: నిట్టూర్పు పోయింది, ఆకాశంలోకి చూడడం పోయింది. చూపు డ్రమ్ము అంచు మీదే ఉంటోంది. మడమ తనంతట తాను నేలను వెతుక్కుంటోంది. బరువుతో ఉన్న మనిషి తన కష్టాన్ని ఎవరికీ చూపించదు. మిగిలిన బలాన్ని ఎలా దాచుకోవాలా అని మాత్రమే చూస్తుంది. అది పుస్తకంలో రాసుకుంటే తెలిసే సంగతి కాదు.

నెల గడిచాక ఒక సెలవునాడు పొద్దున్నే వదినె మేడ ఎక్కి వచ్చింది. నీ మరదలికి పిచ్చి పట్టింది, వచ్చి చూడమని మా ఆయన ఫోన్ చేశాడట. ట్యాంకు గట్టు మీద కూర్చుని నాలుగైదు తిరుగుళ్లు చూసింది.

"కుడి భుజం ఎన్నిదినాల సంది నొస్తున్నది?"

"ఏం లేదు వదినె."

"నాకు చెప్తున్నవా?"

డ్రమ్ము నిలబెట్టి, పది రోజులైందని ఒప్పుకున్నాను.

"తమ్మునికెందుకు చెప్పలే?"

"చెప్తే ఇగ ఆపుమంటడని."

వదినె లేచి వచ్చి నా భుజం మీద బొటనవేలితో నొక్కుతూ సరిగ్గా నొప్పి ఉన్న చోట ఆగింది. ఆ చోటు ఆమెకు వెతకాల్సిన పని లేకపోయింది. "దవాఖానకు పోదాం పా," అంది. "ఇద్దరం."

నా భుజానికి రెండు వారాల విశ్రాంతి చాలన్నారు. ఆమెది పాతబడిన దెబ్బ. బరువులు తొయ్యకూడదని చీటీ రాసిచ్చారు. ఆ చీటీని నాలుగు రోజులు టిఫిన్ సంచిలోనే మోసింది. ఐదోనాడు సూపర్‌వైజర్ చేతికిచ్చింది. ఆయన మొహం చిట్లించి, పైవాళ్లను అడగాలన్నాడట. ఆ తర్వాత పదిరోజులు ఆమె ఎలా గడిపిందో నాకు తెలుసు. రోజూ ఫోన్ చేసి, ఆ సంగతి ఎత్తకుండా కూరేం చేసినవని అడిగి పెట్టేసేది. చివరికి లేబుళ్లు అతికించే గదికి మార్చారు. ఓవర్‌టైం పోయింది, పాత జట్టు పోయింది. సంబరపడే సంగతేం కాదు, కానీ పని నిలిచింది.

ఆ వారమే హాలుకు వచ్చింది. "ఇగ పెట్టుకో గా దువ్వెన ముచ్చట. దాసేదేం లేదు. కని సక్కగ చెయ్యి," అంది. నేను కూర్చుని, దువ్వెన పట్టుకుని, తల వంచాను. వెంటనే ఆపింది.

"మొఖం ఎందుకు గట్ల వెట్టినవ్?"

"నొప్పి కద వదినె."

"నొప్పి దాని పని అది చేస్తది. నువ్వు నీ పని చెయ్యి. అవుతల బస్సొస్తున్నది. జడేసుకోవాలె. గంతే."

ఆ ఒక్క మాట కోసం ఎన్ని క్లాసులకైనా వెళ్లవచ్చు. అక్కడినుంచి సభ రోజు దాకా ప్రతి ఆదివారం ఆమే గురువు, నేను వెనక వరసలో శిష్యురాలిని. పిల్లల డ్రమ్ముల్లో సగానికి ఇసుక పోయించింది. ఇద్దరు తల్లులు వచ్చి, మేం పంపింది నాట్యానికి మేడం, కూలికి కాదు అని గొడవపడ్డారు. వదినె వాళ్లను కూర్చోబెట్టి, పిల్లలు దొర్లిస్తుంటే చూడమంది. వాళ్లలో ఒకామె చూస్తూ చూస్తూ, మా అమ్మ బీడీల గంప ఎత్తుకునేటప్పుడు ఇట్లనే కాలు పెట్టేది అంది. మళ్లీ ఎవరూ అడగలేదు.

సభ శనివారం సాయంత్రం, మొదటి షిఫ్టు దిగాక. ఆడవాళ్లు నేరుగా బస్సు దిగి టిఫిన్ సంచులతోనే వచ్చి కూర్చున్నారు. డ్రమ్ములు దొర్లే చప్పుడు మొదలవగానే హాల్లో కబుర్లు ఆగిపోయాయి. నేను ఒక డ్రమ్ము మూత హడావుడిలో వంకరగా పెట్టాను. అది నటన కాదు, పొరపాటే. మూడో వరసలోంచి ఒక గొంతు, "మూత సూస్కో అక్కా," అంది. ఎవరూ నవ్వలేదు. నేనూ వేదిక మీద ఉన్నానన్నది మరిచి, మూత సరిచేసి బిగించాను. తల దువ్వుకునే చోట చప్పట్లు రాలేదు. చీకట్లో అక్కడక్కడా ఒకరిద్దరు తమ భుజాలు పట్టుకోవడం కనబడింది. ఇన్నేళ్ల రాణి వేషాలకు నాకొచ్చిన దండలన్నీ కలిపినా దానికి సాటి రావు.

అయ్యాక, వెనక తలుపు దగ్గర నిలబడి చూసిన వదినె దగ్గరికి వెళ్లి, ఎలా ఉందని అడిగాను. "నాలుగో డ్రమ్ము కాడ మడమ లేసింది," అంది. ఆ తర్వాత నా తల మీద చెయ్యి పెట్టబోయి, ఎత్తలేక, నన్నే కొంచెం వంగమంది.

ఆమె కూతురు ఇప్పుడు నర్సు. వదినె పోయిన సంవత్సరం పని మానేసింది. అయినా ఇవాళ్టికీ నాలుగున్నరకే లేచి కూర్చుంటుందట. గదిలో ఏ వస్తువు జరపాలన్నా ముందు కాలు పెట్టే చోటు చూసుకుంటుందట. పని మానడానికి ఆమెకు ఒక్కరోజు పట్టింది. ఆ పని ఒంట్లోంచి దిగిపోవడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.