బగ్దల్ పాల మిషన్ నా ఫైలును వెనక్కి పంపిన రోజు

2019 వానాకాలం. హైదరాబాద్‌లో నెలకో అద్దాల బిల్డింగ్ లేస్తున్న రోజులవి. మా కంపెనీ మాత్రం మాదాపూర్‌లో అలాంటి ఒక బిల్డింగ్ వెనక, ఇస్త్రీ షాపు పైన, రెండు గదుల్లో ఉండేది. పాలలో ఫ్యాట్ ఎంతుందో చెప్పే మిషన్లు తయారుచేసేవాళ్ళం. నా పని కెర్నల్ మీద. మిషన్ లోపలి కంప్యూటర్‌లో సెన్సర్‌నూ తెరనూ పనిలో పెట్టే మేస్త్రీ లాంటి ప్రోగ్రాం అది. ఇంట్లో ఇదంతా రెండుసార్లు వివరించి చూసి, మూడోసారికి పాల మిషన్ రిపేర్ అని చెప్పేశాను. అందరూ తృప్తిపడ్డారు.

మా డిజిటల్ సంతకం లేని ఫైలును ఆ కెర్నల్ లోపలికి రానివ్వదు. రానిస్తే, ఎవరైనా సెన్సర్ ఫైలు మార్చేసి నీళ్ళను గేదె పాలుగా చూపించగలరు. ఆ సంతకం చేసే తాళంచెవి పెన్‌డ్రైవ్ లాంటి ఒక టోకెన్‌లోనే పుట్టి, అందులోనే ఉంటుంది. కాపీ తీయడం కుదరదు. బయటికి రానిదాన్ని ఉన్నచోటే పిలవాలి కనుక, దానికి పీకేసీఎస్ లెవెన్ యూఆర్ఐ అని అందరూ ఒప్పుకున్న చిరునామా పద్ధతి ఒకటుంది. ఫలానా టోకెన్, ఫలానా తాళంచెవి అని ఒక వరుసలో రాస్తే చాలు. మా దగ్గర రెండు టోకెన్లు ఉండేవి. ఒకటి ఆఫీసులో ప్రయోగాలకు టెస్ట్, ఇంకొకటి ఊళ్ళకు వెళ్ళే ఫైళ్ళకు రిలీజ్. చిరునామా రాసింది నేనే. రెండు నిమిషాల్లో రాశానని అప్పట్లో గొప్పగా కూడా చెప్పుకున్నాను.

ఆ శనివారం నేను బీదర్ పక్కన కమఠాణలో, మా ఇంట్లో ఉన్నాను. పొద్దున ఎనిమిదింటికి మా సీనియర్ రఘు అన్న ఫోన్ చేశాడు. ముందు రోజు పంపిన అప్‌డేట్ వేసుకున్నాక, మా ఇంటికి దగ్గర్లోని బగ్దల్‌లో మిషన్ సెన్సర్ దొరకలేదని చెబుతోందట. కొత్త అప్‌డేట్లు మొదట వెళ్ళేది ఆ ఒక్క ఊరికే. రఘు అన్న గొంతు తగ్గించి, ఇది హ్యాకింగ్ అయి ఉండొచ్చన్నాడు. బగ్దల్ గేదెల ఫ్యాట్ వివరాలు ఏ దేశానికి కావాలో నాకు తోచలేదు కానీ, బండి తీశాను.

బగ్దల్‌లో పాల సెంటర్ శాంతమ్మక్కది. తన ఇంటి ముందుగదినే సెంటర్ చేసింది. అంతకుముందు ఊరి పాలు గాజుగొట్టం ముంచి చూసే ఒక కాంట్రాక్టరుకు వెళ్ళేవి. ఆయన చెప్పిందే ఫ్యాట్. మిషన్ అబద్ధమాడదని ఇల్లిల్లూ తిరిగి చెప్పి, మూడు వారాల కింద ఊరిని తన వైపు తిప్పుకుంది. ఆ పొద్దున పాలను ఆమె కూడా గాజుగొట్టంతోనే చూడాల్సి వచ్చింది. సాయంత్రం కూడా అంతే అయితే మళ్ళీ కాంట్రాక్టరు దగ్గరికే పోతామని బసన్న మామ అనే పెద్దమనిషి అప్పటికే చాటింపు వేశాడు.

నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది.

"సాల్మన్ తమ్మీ, మిషన్ ఖరాబైందా, లేకుంటే నువ్వు ఖరాబ్ చేసినవా?"

"చూసి చెప్త అక్కా."

"చూసుకో. మాపటి పాలు ఐదింటికి వస్తయి. ఊరంతటికీ నా నోటితోటి చెప్పిన."

మిషన్‌కు ల్యాప్‌టాప్ తగిలించాను. ఇక్కడ రెండు గంటలు చెమటోడ్చానని రాస్తే బాగుండేది. పది నిమిషాలు పట్టింది. సెన్సర్ బాగానే ఉంది. దాన్ని నడిపే ఫైలునే కెర్నల్ రానివ్వలేదు, ఆ సంతకాన్ని సరిచూసే జోడీ తాళంచెవి తన దగ్గర లేదని లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాసి పెట్టింది. ఫైలు మీద సంతకం ఎవరిదో చూశాను. టెస్ట్‌ది.

రఘు అన్నను అడిగితే, గురువారం ఏసీ నీళ్ళు కారుతుంటే సంతకాలు చేసే కంప్యూటర్‌ను వేరే టేబుల్‌కు మార్చాడట. టోకెన్లు రెండూ తీసి మళ్ళీ పెట్టాడట. ఏది ముందు పెట్టాడో గుర్తులేదట. ఆయన మీద కోప్పడదామని చిరునామా తెరిచి చూశాను. అందులో టోకెన్ పేరు లేదు. సున్నా నంబరు స్లాట్ అని ఉంది, అంటే మొదటి జాగాలో ఏది కూర్చుంటే అదే. రెండు టోకెన్లలోనూ తాళంచెవికి ఒకే పేరు, రెండింటికీ ఒకే పిన్. అవీ నా తెలివే. ఆఫీసు మిషన్లు టెస్ట్ సంతకాన్ని కూడా ఒప్పుకుంటాయి కనుక అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. హ్యాకర్ దొరికాడని రఘు అన్నకు చెప్పాను. కమఠాణ వాడేనన్నాను.

సెలవు రోజు కనుక రఘు అన్న ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఫోన్‌లోనే స్లాట్ నంబరు తీయించి, రిలీజ్ టోకెన్ పేరు, సీరియల్ నంబరు రాయించాను. కొత్త సంతకంతో ఫైలు వచ్చేలోగా శాంతమ్మక్క టీ ఇచ్చి, ఏమైందని అడిగింది. చెప్పాను.

"జాగ చూసి పిలిచినవా?" అంది. "ఈడ క్యాన్లు వరుసల పెట్టి మనుషులు ఇండ్లకు పోతరు. మేక తగిలినా వరుస మారుతది. నేను క్యాను మీద పేరు చూసి పిలుస్త."

ఇంజినీరింగ్‌లో నాలుగేళ్ళు చదివానని ఆమెకు గుర్తుచేయలేదు.

నాలుగున్నరకు మిషన్ ఫైలును ఒప్పుకుంది. ఐదింటికి బసన్న మామే ముందు వచ్చాడు. క్యాను దించకుండా, రేపు మళ్ళా ఆగదని గ్యారంటీ ఏందని అడిగాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. శాంతమ్మక్క అడ్డుపడింది.

"మామా, ఈ పిల్లగాడు తప్పు ముద్రతోటి ఫైలు పంపిండు. మిషన్ లోపటికి రానియ్యలే. చేసినోన్నే నమ్మని మిషన్, నీ పాలల్ల నీళ్ళను నమ్ముతదా?"

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. మామ క్యాను దించాడు. ఫ్యాట్ ఐదున్నర వచ్చింది. ఆయన మొహం చూస్తే, పొద్దున గాజుగొట్టం తక్కువే చెప్పిందని అర్థమైంది.

సోమవారం రెండు టోకెన్లకూ వేర్వేరు పిన్‌లు పెట్టాను, తాళంచెవుల పేర్లూ మార్చాను. స్లాట్ నంబరుతో ఆ తర్వాత దేన్నీ పిలవలేదు. అంతవరకూ సెక్యూరిటీ అంటే నన్ను వదిలి మిగతా అందరినీ ఆపేదనుకునేవాడిని. నన్ను కూడా ఆపితేనే అది పనిచేస్తున్నట్టు.