పాత జినాన్ లైట్లూ, మా మరిది మీద అనుమానమూ

మా అత్తయ్యకు వారానికి రెండు సార్లు డయాలసిస్. గురజాల నుంచి నరసరావుపేట తీసుకెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేర్చడం నా పని. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో, ఆదివారం తప్ప ఇంట్లో ఉండడు. కారు పద్నాలుగేళ్ళది, మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అమ్మినాయన దాని జినాన్ లైట్ల గురించి గంటసేపు చెప్పాడు. అందులో సగం అబద్ధమని అప్పుడే అనుకున్నాను గానీ లైట్లు మాత్రం నిజంగా బాగుండేవి. అలాంటివి కిందటి నెలలో ఉన్నట్టుండి గుడ్డి దీపాలయ్యాయి. పోయిన గురువారం చీకటి పడే వేళ, పిడుగురాళ్ళ దాటాక, రోడ్డు పక్కన ఆగివున్న పత్తి ట్రాక్టరు దాదాపు మీదికి వెళ్ళేదాకా నాకు కనబడలేదు. బ్రేకు తొక్కేసరికి వెనక కూర్చున్న అత్తయ్య ముందు సీటుకు గుద్దుకుంది. దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని, "నా కోసం నువ్వు గూడా పోవటం ఎందుకమ్మాయ్? ఇంక నేను రాను. మందుబిళ్ళలు మింగి ఇంట్లోనే పడుంటా" అంది. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. బతిమాలి, లైట్లు బాగుచేయిస్తానని మాటిస్తే, ఈ సోమవారానికి ఒప్పుకుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దారి కనబడకపోతే అదే ఆఖరి ప్రయాణం.

ఉన్నట్టుండి అన్నాను కదా, అది ఎప్పటి నుంచో నాకు బాగా గుర్తు. మా మరిది శీనుకు సొంత లారీ ఉంది, నాపరాళ్ళు తోలుతాడు. కిందటి నెల వాళ్ళ అత్తగారి ఊరు క్రోసూరు వెళ్ళడానికి మా కారు తీసుకుని నాలుగు రోజులు ఉంచుకున్నాడు. కారు తిరిగొచ్చిన సాయంత్రం నుంచే లైట్లు ఇలా అయ్యాయి. అసలు జినాన్ బల్బులకు మంచి ధర ఉంటుందనీ, కొందరు వాటిని పీకి అమ్ముకుని డూప్లికేటువి తగిలిస్తారనీ ఎక్కడో చదివాను. శీను ఆ పని చేశాడని నేను ఎవరితోనూ అనలేదు. మనసులో మాత్రం కేసు నడిపి శిక్ష కూడా వేసేశాను. ఆ సోమవారం అతన్ని తోడు రమ్మన్నది కూడా తోడు కోసం కాదు. బల్బులు బయటికి తీసినప్పుడు అతని ముఖం ఎలా ఉంటుందో చూద్దామని.

పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. కారెక్కే ముందు అత్తయ్య ఎప్పటిలాగే ముందుకెళ్ళి, రెండు లైట్ల మీద సున్నపు దుమ్మును కొంగుతో గట్టిగా తుడిచి, వాటిని తాకి కళ్ళకద్దుకుంది. మా మామగారు లారీ నడిపిన రోజుల నుంచి ఆమెకది అలవాటు. బండి కళ్ళు తుడవందే బయల్దేరనివ్వదు. శీను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇవాళ ఇంత తయారవడమెందుకని దాన్ని కూడా అనుమానించాను.

గురజాల నుంచి పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేటకు మామూలుగా గంటన్నర పడుతుంది. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల వల్ల రోడ్డూ చెట్లూ తెల్లగా ఉంటాయి కాబట్టి అద్దాలు ఎత్తుకునే వెళ్ళండి. పిడుగురాళ్ళ ఊళ్ళో బస్టాండు దాటాక ఒక టిఫిన్ బండి దగ్గర ఆగాం. అత్తయ్య ఇంట్లోనే తినేసింది. నేను చట్నీ గిన్నెలోకి తొంగి చూస్తుంటే బండి ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి, "ఏందమ్మా అట్టా చూస్తన్నావు? పొద్దున నూరిందేలే, తిను" అంది. శీను నవ్వి, "మా వదిన అంతే పిన్నీ, దేవుడి ప్రసాదం గూడా వాసన చూసి తింటది" అన్నాడు. ఇడ్లీ ప్లేటు ముప్ఫై రూపాయలు, చట్నీ నిజంగానే తాజాది.

మిషను ఖాళీ అయ్యి అత్తయ్యను దాని మీద పడుకోబెట్టేసరికి పన్నెండు దాటింది. మాకు నాలుగు గంటల పైన సమయం ఉంది. ముందు పెద్ద బోర్డు ఉన్న ఒక కార్ల షాపుకు వెళ్ళాం. అక్కడి కుర్రాయన బానెట్ కూడా ఎత్తకుండా, "డూములు రెండూ పోయినయ్ మేడం, మొత్తం మార్చాల. అరవై వేలు అవుద్ది. లేదంటే ఎల్‌ఈడీ బల్బులు పెట్టిస్తా, చీపులో పోద్ది" అన్నాడు. చూడకుండానే ఎలా తెలిసిందని అడిగితే, చూసినా అదే చెప్తానన్నాడు. జినాన్ కోసం చేసిన డూములో, అంటే లైటు గూడులో, ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుందని నేను చదివి ఉన్నాను. కారు వెనక్కి తిప్పేశాను.

రెండోది మస్తాన్ అనే ఆయన షెడ్డు, సత్తెనపల్లి వెళ్ళే రోడ్డు మీద. మస్తాన్ మాటకారి. ఈ జిల్లాలో జినాన్ గురించి తెలిసింది తనొక్కడికేనని మేం కారు దిగకముందే చెప్పాడు. అలా చెప్పుకునే వాళ్ళంటే నాకు ఇంకా భయం. ప్రతి పనీ నా కళ్ళ ముందే చేయాలని షరతు పెట్టాను. "నా ఒళ్ళో కూర్చుని చూడక్కా, నాకేం?" అని, వెంటనే నాలిక కరుచుకుని స్టూలు తెచ్చి వేశాడు.

జినాన్ బల్బులో మామూలు బల్బులా తీగ ఉండదట. ఎక్కువ వోల్టేజీతో లోపలి వాయువులో మెరుపు పుట్టించి వెలిగిస్తారు. అందుకని ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. మీరు సొంతంగా చేయబోతే లైట్లు ఆపిన వెంటనే చెయ్యి పెట్టకండి, ప్రమాదం. డూము వెనక మూత తీయడానికి మస్తాన్ స్క్రూడ్రైవర్ పెట్టినప్పుడు నేను లైటును చూడలేదు, శీను ముఖాన్నే చూస్తున్నాను. అతను తాపీగా పల్లీలు వొలుచుకుంటున్నాడు.

మూత రాలేదు. మస్తాన్ దెబ్బ కొట్టి లాగితే గట్టకట్టిన దుమ్ము పొర పెళ్ళలుగా రాలింది. "దీన్ని తీసి ఏళ్ళయింది గదక్కా. ఇది కంపెనీ నుంచి వచ్చిన బల్బే, మార్కు చూడు" అన్నాడు. రెండో వైపూ అంతే. బల్బు గాజు లోపల నల్లటి మసక పట్టింది. జినాన్ బల్బులు ఒక్కసారిగా ఆరిపోవట, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా వెలుగు తగ్గి, రంగు కూడా ఊదాలోకి తిరుగుతుందట.

శీను చేతిలోని పల్లీ తొక్కలు దులుపుకుని, "ఇప్పుడు నమ్మకం కుదిరిందా వదినా? నేను అమ్ముకోలేదుగా?" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. నేనేం అనలేదే అని గొణిగాను. "నువ్వు అనవు. నెల నుంచి మా ఇంటికొచ్చినా మంచినీళ్ళు గూడా తాగకుండా పోతన్నావు. ఇవాళ తోడు రమ్మంటే అప్పుడే అర్థమయింది. అమ్మ కోసం వచ్చా" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

మస్తాన్‌కు మా గొడవ పట్టలేదు. రెండు బల్బులూ కలిపే మార్చాలి, ఒకటి మారిస్తే రంగులు కలవవన్నాడు. జత మూడున్నర వేలు. సీలున్న డబ్బా నేనే కత్తిరించాను. గాజును వేలితో తాకబోతే, చేతి జిడ్డు అంటితే బల్బు తొందరగా పాడవుతుందని లాక్కున్నాడు. తర్వాత డూము ముందున్న ప్లాస్టిక్ అద్దం చూపించాడు. ఎండకు పచ్చబడింది సరే, దాని నిండా సన్నటి గీతలు, ఒకే చోట గుండ్రంగా. "సున్నం దుమ్ముని ఎవరో పొడిగుడ్డతో రుద్దుతన్నారు. లారీకి గాజు, ఏం కాదు. ఇది ప్లాస్టికు." శీనూ నేనూ ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. "అమ్మకి చెప్పబాక వదినా" అన్నాడు మెల్లగా. చెప్పనని తల ఊపాను.

మస్తాన్ మూడు రకాల గరుకు కాగితాలతో, నీళ్ళు పోస్తూ, అద్దాలను గంటసేపు రుద్దాడు. పాలిష్ పట్టి, ఎండకు మళ్ళీ పచ్చబడకుండా పూత వేశాడు. దానికి పద్నాలుగు వందలు. పని అయిపోయింది, ఇంక బయల్దేరండన్నాడు. నేను కదల్లేదు. షెడ్డు షట్టర్లు దించి, కారును ఎదురు గోడ ముందు పెట్టి లైట్లు వెయ్యమన్నాను. వెలుగు తెల్లగా, కత్తితో కోసినట్టు గీతగా పడింది. కానీ ఆ గీత నా మోకాలి కిందికే ఉంది. ఆ లెక్కన రోడ్డు మీద నాలుగడుగుల దూరం కూడా సరిగ్గా కనబడదు. అప్పటిదాకా గొప్పలు చెప్పిన మస్తాన్ కూడా దీన్ని చూసుకోలేదు. బానెట్ ఎత్తితే, లైట్ల ఎత్తూ పల్లమూ సరిచేసే మరల మీద తుప్పు గీరుకుపోయి కొత్త మెరుపు కనబడింది.

ఎవరో తిప్పారన్నాను. ఈసారి ఎవరి ముఖమూ చూడకుండా, గోడను చూస్తూ అన్నాను.

"అది మాత్రం నేనే వదినా" అన్నాడు శీను. క్రోసూరు నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో బియ్యం బస్తాలు వేశారట. వెనక కిందికి కూర్చుని కారు మూతి పైకి లేచింది. "ఎదురొచ్చే ప్రతోడూ డిప్పర్ కొడతన్నాడు. బైకులోళ్ళు చానా ఇబ్బంది పడతన్నారు. రాయి లోడెక్కితే లారీకి ఎట్టా దించుతామో అట్టానే దించా. బస్తాలు దించినాక మళ్ళీ ఎత్తాలని మతికి రాలా." లోడును బట్టి లైట్లను తనంతట తనే సర్దే మోటారు ఈ కారులో ఉండాలట. అది ఎప్పుడో చచ్చిపోయిందని మస్తాన్ తేల్చాడు. ఇద్దరూ కలిసి గీతను గోడ మీద సరైన ఎత్తుకు తెచ్చారు. నేను టేపు పట్టుకుని కొలిచాను. చిన్న పని, దానికి మస్తాన్ డబ్బు తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదా అని కాసేపు ఆలోచించాను.

ఐదు దాటాక అత్తయ్య నీరసంగా బయటికి వచ్చింది. అలవాటుగా కొంగు పట్టుకుని లైట్ల దగ్గరికి వెళ్ళబోతే శీను అడ్డం వెళ్ళి, "కొత్త పూతమ్మా, కొన్నాళ్ళు నీళ్ళతో కడుక్కోవటమే" అని సీసాలో నీళ్ళు ఆమె చేతికిచ్చాడు. ఆమె నీళ్ళు పోసి, అరచేత్తో మెల్లగా తాకి, కళ్ళకద్దుకుంది.

పిడుగురాళ్ళ దాటేసరికి మసక చీకటి పడింది. లైట్లు వేశాను. అత్తయ్య వెనక సీట్లో తలుపు పిడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ముందెక్కడో పత్తి ట్రాక్టరు ఒకటి వెళ్తోంది, దానికి వెనక లైటూ లేదు, ఎర్ర స్టిక్కరూ లేదు. దూరం నుంచే దాని వెనక తొట్టీ, పైన కట్టిన తాళ్ళూ, బస్తాల మీద కూర్చున్న మనిషీ స్పష్టంగా కనిపించారు. నిదానంగా దాటాను. ఎదురొచ్చిన వాళ్ళెవరూ డిప్పర్ కొట్టలేదు. అద్దంలోంచి వెనక్కి చూస్తే అత్తయ్య ఒక చెయ్యి పిడి మీది నుంచి తీసేసింది. గురజాల పొలిమేర వచ్చేసరికి రెండోది కూడా తీసి, "ఏమే, గురువారం గూడా తొమ్మిదింటికేనా బయల్దేరేది? ఇంకొంచెం ముందు పోతే మిషను తొందరగా ఇస్తారేమో" అంది. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు చూస్తూ, ఎనిమిదింటికే పోదాం అత్తయ్యా అన్నాను.

శీనును వాళ్ళింటి ముందు దింపి నేనూ దిగాను. లోపలికెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగాను. క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. అతను రెండో గ్లాసు తెచ్చి ఇచ్చాడు. అనుమానం నా పుట్టు గుణం, ఈ వయసులో పోయేది కాదు. గోడ ముందు లైట్లు వేయించింది కూడా అదే కాబట్టి పూర్తిగా పోవాలనీ నాకు లేదు. కానీ ఒక నెలపాటు దాన్ని తప్పుడు వైపు తిప్పి, అత్తయ్య ప్రాణం మీదికి తెచ్చాను. మొదటి రోజే శీనును నోరు తెరిచి అడిగి ఉంటే రెండు నిమిషాల్లో మర తిప్పేసి వెళ్ళేవాడు. కాబట్టి, పాత జినాన్ కారున్న వాళ్ళకు నేను చెప్పేది ఇంతే. లైట్లు తగ్గాయనిపిస్తే రూపాయి ఖర్చు పెట్టకముందు కారును సమతలమైన చోట ఒక గోడ ముందు నిలబెట్టి, వెలుగు గీత ఎంత ఎత్తులో పడుతోందో చూడండి. ముందు కారును నిలబెట్టండి, మనుషుల్ని బోనులో ఆ తర్వాత నిలబెట్టవచ్చు.