అర్డిత్ అత్త, తేటనీళ్లు

మా అర్డిత్ అత్తకు వాగును పాడుచేసేవాళ్లంటే పడదు, ఆవులు పెంచే లోవెల్ అంటే అసలు పడదు. ఆ రెండూ ఒకటేనని ఆమె లెక్క. అమెరికాలోని అయోవాలో ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపి రిటైరయ్యాక, ప్రతి శనివారం మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని తన ఇంటి పక్క వంతెన కింద వాగులో దిగుతుంది. పరీక్ష కాగితం ముక్క ముంచుతుంది. అది ఎంత ఎర్రబడితే నీళ్లలో అంత ఎరువు కలిసినట్టు.

ఆదివారం చర్చి బోర్డు మీద ఆ ఎరుపుకు కాగితాల డబ్బా మీదున్న అంకె రాసి, కింద 'లోవెల్ ఆవులు' అని పెద్ద అక్షరాలతో రాస్తుంది. ఎగువన ఆవులున్నది అతనికే. అవి దిగితే నీళ్లు బురదవుతాయి. ఇంకా సాక్ష్యం దేనికట!

ఇలా మూడేళ్లు రాసింది. లోవెల్ తెచ్చే మీగడను చర్చి ఆడవాళ్లు కాఫీలో వేసుకోవడం మానేశారు. పాపం, ఆ మనిషి వాగు పొడవునా కంచె వేశాడు. అయినా కాగితం ఎర్రబడుతూనే ఉంది.

కిందటి మే నెలలో లోవెల్ ఆమెను బోర్డు ముందే పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవాళ్లు.

"ఏమే, ఎప్పుడైనా నా పొలానికి పైన ముంచి చూశావా?"

"నీ గడప తొక్కమంటావా? నా బూట్లకు పరువుంది."

"బూట్లు విప్పేసి రా."

ఆ శనివారమే రోషానికి వెళ్లింది, నన్నూ లాక్కెళ్లింది. అతని పొలానికి పైన ముంచితే కాగితం పాలిపోయే ఉంది. కింద ముంచినా అంతే. "డబ్బా పాతదై ఉంటుంది" అని కొత్తది విప్పింది. అదే రంగు. అంటే ఎరువు అతని పొలం దాటాకే కలుస్తోంది.

గట్టు వెంబడి దిగువకు నడిచాం. గడ్డి కింద ఒక మట్టి గొట్టం నోరు కనిపించింది. అందులోంచి నీళ్లు అద్దంలా పడుతున్నాయి.

"ఇంత తేటనీళ్లలో ఏముంటుందే" అంటూనే ముంచింది. కాగితం బీట్‌రూట్ రంగుకు తిరిగింది.

తలెత్తితే ఎదురుగా అత్త మొక్కజొన్న చేనే. చెమ్మ నేల ఆరాలని వాళ్ల నాన్న అడుగున గొట్టాలు పూడ్పించాడు. చలికి ముందే పని తెమిలిపోతుందని ఏటా పంట కోశాక కౌలుదారు చేత ఎరువు వేయించేది అత్తే. మొక్కే లేని నేలలో ఆ ఎరువును తినేదెవరు? వానకు గొట్టంలో దిగి వాగులో పడుతోంది.

అత్త గట్టుమీదే కూలబడింది. "రేపు ఏం రాయనే?" అంది. నిజం రాస్తే ఊళ్లో తలెత్తుకోలేదు, రాయకపోతే లోవెల్ దోషిగానే మిగిలిపోతాడు. నాకు జాలేసింది, దొంగచాటుగా నవ్వూ వచ్చింది.

ఆదివారం అందరూ చూస్తుండగా 'అర్డిత్ మొక్కజొన్న' అని రాసి, లోవెల్ వైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసు కదూ?"

"ఆ గొట్టాలు పూడ్చినప్పుడు మా నాన్న కూడా పార పట్టాడు."

"మరి నోరు విప్పలేదేం?"

"విప్పితే నమ్మేదానివా?"

"లేదు. మరి కంచె ఎందుకు వేశావు?"

"నా ఆవులు మాత్రం శుద్ధపూసలా?"

అత్త గొంతు తగ్గింది. "ఈసారి కోతయ్యాక రై గింజలు చల్లిస్తా. చలిలోనూ పెరిగే పైరు, మిగిలిన ఎరువును అదే లాగేసుకుంటుంది."

"విత్తనాలు కొనకు. నీ చేనుకు సరిపడా పోయినేడే తెచ్చి కొట్టంలో పెట్టాను" అన్నాడు లోవెల్.

అత్త ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.