ఇరవై స్పీడులో రేసు కేసు

చెవి మేస్త్రి లైసెన్సు ఆరు నెలలు రద్దయింది. రేసు నడిపానని ఒప్పుకుంటూ సంతకం పెట్టి, తన బళ్ల రిపేరు షెడ్డుకొచ్చి కూర్చున్నాడు. నడిపిన స్పీడు మాత్రం ఇరవై.

ముప్పై ఏళ్లుగా ఆయన పని తీరు ఒక్కటే. నిలబెట్టిన బండి నిజం చెప్పదంటాడు. కస్టమర్‌ని నడపమని, తను ఇంకో బండి మీద పక్కనే వెళుతూ, తల వంచి ఇంజిన్ చప్పుడు వింటాడు. వీధి మలుపు తిరిగేలోగా రోగం చెప్పేస్తాడు. చెవి మేస్త్రి అన్న పేరు అలా వచ్చిందే.

కేసు పడిన రోజు పక్క బండి మీదున్నది లెక్కల టీచరమ్మ. వచ్చే ఏడు రిటైరవుతారు. రేసుల్ని నిషేధిస్తూ చట్టం వచ్చి అప్పటికి వారమైంది. ఎస్సై ఇద్దర్నీ ఆపాడు.

"పక్కపక్కన రెండు బళ్లు పోతే రేసే."

"ఇరవైలో పోతున్నామయ్యా!" అన్నారు టీచరమ్మ.

"ఈ ఫారంలో స్పీడు గడి లేదమ్మా."

"పోనీ, గెలిచిందెవరో రాశారా?"

ఎస్సైకి నవ్వు రాలేదు. ఒకరు తప్పు ఒప్పుకుంటే రెండోవారిని వదిలేస్తానన్నాడు. టీచరమ్మ నోరు తెరిచేలోపే మేస్త్రి సంతకం పెట్టేశాడు. ఆ కాగితం మడతపెడుతూ కానిస్టేబులు గొంతు తగ్గించాడు.

"మేస్త్రీ, నా బండి కూడా టకటకమంటోంది. రేపు కాస్త వింటావా?"

మేస్త్రి ఇంటికెళితే భార్య అందుకుంది. "ఈ వయసులో రేసులేంటయ్యా? పైగా ఓడిపోయినట్టు ఆ మొహమొకటి!"

అసలు రేసులు ఆదివారం పొద్దున్నే ఊరవతల కొత్త రోడ్డు మీద జరుగుతూనే ఉన్నాయి. 'ఇక్కడ రేసులు నిషేధం' అన్న బోర్డు దగ్గరే మొదలవుతాయి. గీత గీసుకునే శ్రమ వాళ్లకు తప్పింది. మొన్న ఆ రేసుల వాళ్లే పాలు పోసే ఆవిడ కాలు విరగ్గొట్టి, ఆగకుండా పోయారు. చట్టం కావలసింది అక్కడ. అక్కడికి మాత్రం ఫారాలు పట్టుకుని ఎవరూ వెళ్లలేదు.

ఇక్కడేమో మేస్త్రి లైసెన్సు లేక నిలబెట్టిన బళ్లకు చెవి ఆనిస్తున్నాడు. ఈ నెలలో మూడుసార్లు తప్పు చెప్పాడు. కస్టమర్లు ఒక్కొక్కరే జారుకుంటున్నారు. ఇంకో ఐదు నెలలు ఇలాగే సాగితే షెడ్డుకు తాళమే. టీచరమ్మ ఊరుకోలేదు. తనే అప్పీలు రాసి, ఆయన్ని లాక్కెళ్లి వేయించారు.

విచారణ సోమవారం పదింటికి, రవాణా ఆఫీసులో. ఆయన చేత బండి బాగుచేయించుకున్నవాళ్లంతా రండి. మీ పక్కన ఆయనెలా నడిపాడో అధికారికి చెప్పండి. స్పీడు కొలవకుండా రేసు కేసు రాయకూడదన్న అర్జీ మీద సంతకం చెయ్యండి. మీ బళ్ల మీదే రండి. ఒకరి వెనక ఒకరు రండి. పక్కపక్కన మాత్రం రాకండి.