వన్స్ మోర్ అనని వాళ్ళు

పత్రికలో పని నేర్చుకున్నవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎవరి మెడలోనైనా దండ పడితే, ముందు ఆ దండ కొన్నదెవరో తెలుసుకోవాలనిపిస్తుంది. డెబ్బైల చివర, ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో సభల వార్తలు రాసే పని నాది. సన్మానాలు, బిరుదులు, సంగీత పోటీలు. ఇచ్చేవాళ్ళు ఎక్కువగా వన్ టౌన్ హోల్‌సేల్ వ్యాపారులు. పుచ్చుకునేవాళ్ళు పగలు పోర్టులోనో మల్కాపురం వైపు ఆయిల్ కంపెనీలోనో పనిచేసి, సాయంత్రం ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు పాడేవాళ్ళు. 'ఉత్తమ గాయకుడు', 'ఉత్తమ గాయని' అని వార్తల్లో రాస్తూ వచ్చాను గాని, ఏ తూకంలో వేసి ఉత్తమం అన్నారో నాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే కాఫీ తెప్పించేవారు.

అలాంటి పోటీలో ఇచ్చే కప్పు ఒకటి మా పక్కింటి అమ్మాయి పాటకు అడ్డం పడింది.

వన్ టౌన్‌లో మాది ఇరుకు సందు. పక్కింటాయన స్కూల్లో లెక్కల మాస్టారు, ఆదివారం చర్చిలో క్వయిర్ మాస్టారు. ప్రొటెస్టెంటు కుటుంబం. నాలుగు గొంతుల్లో పాడే కీర్తనలను ఆయన పోర్టు గుమస్తాలకూ, నర్సులకూ, కుర్రకారుకూ నేర్పేవాడు. కూతురు ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపిస్టు. ఆ అమ్మాయి గొంతు తండ్రి తయారు చేసినదే. ఆమె ఒక ఆర్కెస్ట్రాలో చేరడం ఆయనకు మింగుడు పడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను వాళ్ళ అరుగు మీద పేపరు తిరగేస్తుండగా, షరతు పెట్టాడు.

"ఈసారి పోటీలో కప్పు తెచ్చుకుంటే పాడుకో. రాకపోతే క్వయిర్ ఉంది. ఆ మైకులూ ఆ లైట్లూ ఇంక వద్దు."

"కప్పుకి పాట గురించి ఏటి తెలుసు నాన్నా?"

"జడ్జీలకి తెలుసు. సంగీతం చదువుకున్నవాళ్ళు. నేను తండ్రిని కదా, నా చెవిని నేను నమ్మకూడదు."

ఆ మాట నాకు అక్కడే గుచ్చుకుంది. చెవి విషయంలో ఇంకొకరిని నమ్మిన మనిషి కాడు ఆయన. క్వయిర్‌లో ఎవరి గొంతు కాస్త కిందికి జారినా చెయ్యెత్తి ఆపేసేవాడు. కూతురి దగ్గరకొచ్చేసరికి ఊరి వ్యాపారులు పెట్టిన జడ్జీల మీద ఇంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాలేదు.

పోటీ ఒక ఆదివారం సాయంత్రం పాత హాల్లో జరిగింది. ముందు రెండు వరసల్లో మాస్టారు, ఆయన క్వయిర్ కూర్చున్నారు. తెల్ల చొక్కాలు, ఇస్త్రీ చీరలు. వెనక సగం హాలు ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనివాళ్ళది. లారీల్లో వచ్చారు. వాళ్ళలో ఒక ఫిట్టరు పోటీలో ఉన్నాడు. గోదావరి జిల్లా మనిషి. అక్కడ పద్యనాటకాల అలవాటు ఒకటుంది. పద్యం చివర నటుడు రాగం తీస్తే జనం 'వన్స్ మోర్' అనాలి, అతను మళ్ళీ అందుకోవాలి. అనకపోతే పద్యం పోయినట్టే లెక్క. ఫిట్టరు హుషారైన సినిమా పాట ఒకటి పాడి, చివర్లో ఆ పాటలో లేని రాగం తగిలించాడు.

నా వెనక ఎవరో అడిగారు. "పాట అయిపోనాదేటి?"

"ఆగెహె. రాగం తీత్తన్నాడు."

"ఊపిరాడతందా ఆడికి? దేవుడా."

"నీకేల? ఆడి ఊపిరి, ఆడి ఇష్టం."

రాగం ముగిసేలోపే 'వన్స్ మోర్' మొదలైంది. కుర్చీలు చప్పుడు చేశాయి. ఫిట్టరు దణ్ణం పెట్టి మళ్ళీ పాడాడు, మళ్ళీ అరిచారు, మళ్ళీ పాడాడు. గొంతు బాగానే ఉంది. బలమైన గొంతు, కొంచెం మోటు.

తరువాత మాస్టారి కూతురు వచ్చింది. ఆమె ఎంచుకున్నది నెమ్మదిగా నడిచే పాట. వాద్యాలు తక్కువ, దాక్కోవడానికి చోటు లేదు. నేను వార్త కోసం వెళ్ళినవాణ్ణి, పాట కోసం కాదు. అయినా చేతిలో పెన్ను మూసి విన్నాను. పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. ముందు రెండు వరసల వాళ్ళు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తలలు కొంచెం వంచి, కీర్తన అయ్యాక చర్చిలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చున్నారు. చర్చిలో పాటకు చప్పట్లుండవు. పాట దేవుడికి కదా, పాడినవాడికి చప్పట్లేమిటి అనేది వాళ్ళ పద్ధతి. వెనకవాళ్ళు ముందు వరసల వైపు చూశారు. వాళ్ళ చేతులూ అక్కడక్కడా చప్పుడు చేసి ఊరుకున్నాయి. ఆ అమ్మాయి మైకు దగ్గర ఇంకాసేపు నిలబడి, తెర వెనక్కి వెళ్ళిపోయింది.

కప్పు ఫిట్టరుకు ఇచ్చారు. మర్నాడు పేపర్లో 'ఉత్తమ గాయకుడు' అని నేనే రాశాను.

ఆ పోటీ సంఘానికి కార్యదర్శి ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి. నాకు బాగా తెలిసినవాడు, బావా అని పిలుచుకునేవాళ్ళం. రెండు రోజులాగి కొట్టుకు వెళ్ళాను. బస్తాల ఘాటుకు తుమ్ముకుంటూ అడిగాను, జడ్జీలు ఎవరికి ఎక్కువ మార్కులు వేశారని.

"నువ్వు పేపరోడివి బావా. నీకు సెప్తే ఊరికి సెప్పినట్టే."

"రాయను. చెప్పు."

"దగ్గర దగ్గరగా వచ్చాయి మార్కులు. అలాటప్పుడు హాలు ఎటుంటే మనం అటు. జడ్జీలు టిక్కెట్టు కొంటారేటి? ఆళ్ళకి రిచ్చా డబ్బులు కూడా మనమే పెట్టాల."

"ఏటా దగ్గర దగ్గరగానే వస్తున్నాయి నీ మార్కులు."

"నానేటి సేత్తాను మరి? అందరూ బాగా పాడతన్నారు."

"అంటే కప్పు పాటకి కాదు."

"పాటకే. పాట బాగుంటే జనం అరవరా? ఆ పిల్ల పాడినప్పుడు సొంత జనమే నోరిప్పనేదు. నాను కూడా ఇన్నాను బావా. బాగుందనిపించింది. చప్పట్లు కొడదామని సెయ్యెత్తి ముందు వరస సూశాను. సంగీతం తెలిసినోళ్ళు, బిగదీసుకుని కూకున్నారు. ఎక్కడో తేడా కొట్టింది గావాల, మనకెందుకు అని సెయ్యి దించేశాను."

మార్కుల సంగతి నేను నమ్మలేదు. చెయ్యి దించిన సంగతి నమ్మాను. ఆ హాల్లో సగం మంది అదే పని చేసి ఉంటారు. మర్యాదగా కూర్చున్న జనాన్ని చూసి, పెదవి విరిచారనుకున్నారు.

అక్కడితో వదిలేసి ఉండవచ్చు. కాని జబ్బు ఊరుకోదు. ఆ క్వయిర్ కుర్రాళ్ళలో చాలామందిని నేను ఫుట్‌బాల్ గ్రౌండులో చూశాను. గోల్ పడితే చొక్కాలు విప్పి తిప్పేవాళ్ళు. సినిమా హాల్లో వాళ్ళ ఈలలు సందు చివరి దాకా వినిపించేవి. అలాంటివాళ్ళకు ఆ సాయంత్రం మాత్రం చర్చి ఎలా గుర్తొచ్చింది? మాస్టారు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుండగా వెళ్ళి అడిగాను.

"మాస్టారూ, చప్పట్లు కొట్టొద్దని మీ వాళ్ళకి మీరేమైనా చెప్పారా?"

"చెప్పాల్సిన పనేముంది బాబూ?" అన్నాడు, తల ఎత్తకుండా.

ప్రశ్నకు ప్రశ్న జవాబుగా వచ్చినప్పుడు దాన్ని నేను జవాబు కింద వేసుకోను. ఆయన చెప్పాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఆయన పక్కన కూర్చుంటే చాలు, ఎవరికైనా చెయ్యి లేవదన్నది మాత్రం తెలుసు. అది ఆయనకూ తెలుసు.

ఆ అమ్మాయి ఆర్కెస్ట్రాకు వెళ్ళడం మానేసింది. మాట ప్రకారం. ఇంట్లో పాడటం కూడా మానేసింది. దీని గురించి మాస్టారు షరతు పెట్టలేదు. ఉదయం గేటు వేసుకుని ఆఫీసుకు, సాయంత్రం గేటు తీసుకుని లోపలికి. వాళ్ళమ్మ నాతో, "దాని నోట్లో మాటే నేదు బాబూ, పాట మాట దేవుడెరుగు" అంది.

కొన్ని వారాలు గడిచాక, ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద ఉండగా ఫిట్టరు వచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో అరటిపళ్ళు.

"నమస్కారమండి మాస్టారండి. నాకు పాట నేర్పాలండి."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నీకు కప్పు వచ్చింది కదయ్యా?"

"వచ్చిందండి. మావోళ్ళు అరిత్తే వచ్చిందండి. మా వైపైతే అరుపుని బట్టే తెలిసిపోద్దండి, బాగుందో బాలేదో. ఇక్కడ మా షెడ్డోళ్ళు నేను దగ్గినా వన్స్ మోర్ అంటారండి. ఏది నమ్మాలో తెలవట్లేదండి." అరటిపళ్ళు అరుగు మీద పెట్టి, "అమ్మాయిగారు పాడేటప్పుడు తెర పక్కనే ఉన్నానండి. అంత నెమ్మదిగా పాడమంటే నావల్ల కాదండి. ఊపిరెక్కడ తీసుకున్నారో కూడా కనిపెట్టలేపోయానండి. అది మీరు నేర్పిందేనని చెప్పారండి."

"ఎవరు చెప్పారు?"

ఫిట్టరు ఇంటి గుమ్మం వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అందరూ అంటారండి."

ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నీ చెవిని నమ్మకూడదన్నావు నాన్నా. జడ్జీలని నమ్మావు. ఆళ్ళు కప్పిచ్చినాయనే వచ్చి నీ ముందు నిలబడ్డాడు. ఇప్పుడెవర్ని నమ్ముతావు?"

మాస్టారు కళ్ళజోడు తీసి కూతురి వైపు తిరిగాడు.

"రెండో చరణంలో తొందరపడ్డావు," అన్నాడు.

"ఎక్కడ?"

ఆయన ఆ ముక్క సన్నగా పాడి చూపించాడు. సినిమా పాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి. ప్రతి ముక్కా వచ్చు ఆయనకు.

"ఇది ఆ రోజే సెప్పొచ్చు కదా."

"బాధలో ఉన్నావని ఊరుకున్నాను."

"నాను బాధలో ఉన్నాను. నువ్వు హాయిగా ఉన్నావు."

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఫిట్టరు నేల చూపులు చూస్తున్నాడు. మాస్టారు లేచి, అరటిపళ్ళు తీసి లోపల పెట్టి వచ్చి, కూతుర్ని అడిగాడు. "రిహార్సలు ఎన్ని గంటలకి?"

ఆ వారంలోనే ఆమె మళ్ళీ ఆర్కెస్ట్రాకు వెళ్ళింది. పెళ్ళిళ్ళలో, ఉక్కునగరంలో క్వార్టర్లు లేచాక అక్కడి సభల్లో చాలాకాలం పాడింది. పోటీలకు మాత్రం మళ్ళీ పేరివ్వలేదు. ఫిట్టరు పాఠానికి ఒకటి రెండు ఆదివారాలు వచ్చి మానేశాడు. షిఫ్టు మారిందని ఆ అమ్మాయి చెప్పింది. అతని షిఫ్టు సంగతి ఆమెకు ఎలా తెలుసో నేను ఆలోచించాను. అతను నిజంగా నేర్చుకోవడానికే వచ్చాడా, ఎవరైనా పంపితే వచ్చాడా అని కూడా ఆలోచించాను. ఉక్కు ఫ్యాక్టరీ సైటులో ఎవరినడిగినా ఆ షిఫ్టు సంగతి తేలిపోయేది. వార్తల కోసం అటు వెళ్ళిన రోజులూ ఉన్నాయి. అడగలేదు.